థయోల్ ఆక్సీకరణం – ప్రోటీన్ల మడత: ఈస్ట్ కణం నుండి మిరప చేను వరకు

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో మిరప కాయ పండు బారే దశ అత్యంత కీలకమైనది. ఆ దశలో మంచు ఎక్కువగా కురిసినా, అకాల వర్షం పడినా కొమ్మ ఎండు, కాయకుళ్లు తెగులు విజృంభిస్తుంది. కొల్లెటోట్రైకమ్ ప్రజాతికి చెందిన శిలీంద్రాలు దీనికి కారణం. కాయపై గుండ్రని మచ్చలు ఏర్పడి, వాటిలో వలయాకారంగా నల్లని చుక్కలు కనిపిస్తాయి. కల్లంలో ఎండిన పిదప అటువంటి కాయ తెల్లబారి తాలుగా మారుతుంది. తాలుకు మార్కెట్ యార్డులో లభించే ధర మేలురకం కాయ ధరకు దరిదాపులలో కూడా ఉండదు.

ఈ తెగులుకు ఏ మందు పిచికారి చేయాలి, ఎప్పుడు చేయాలి, ఒకే మందును ఎన్నిసార్లు వాడవచ్చు అనే ప్రశ్నలకు విస్తరణ శాస్త్రవేత్తలు ప్రతి సీజనులోనూ సమాధానం చెప్పవలసి వస్తుంది. సిఫారసు పట్టిక చూచి చెప్పే సమాధానం ఒకటి. ఆ సిఫారసు వెనుకనున్న కారణం తెలిసి చెప్పే సమాధానం మరొకటి. కారణం తెలియాలంటే గంధకం, హైడ్రోజన్ జతకూడిన ఒక చిన్న రసాయన సమూహాన్ని గురించి తెలుసుకోవాలి. దాని పేరు థయోల్. కాయను తొలుచుకొని లోనికి పోయే శిలీంద్రపు ఎంజైములు, కాయ తనను తాను కాపాడుకొనేందుకు తయారుచేసుకొనే రక్షక ప్రోటీన్లు, రైతు చల్లే మాంకోజెబ్ వంటి మందులు – ఈ మూడింటి పనితీరూ థయోల్ రసాయనంపైనే ఆధారపడి ఉంది. ఆ రసాయనాన్ని శాస్త్రలోకానికి స్పష్టంగా చూపినది రొట్టెల తయారీలో వాడే సాధారణ ఈస్ట్ కణం.

థయోల్ – డైసల్ఫైడ్ బంధం

ప్రోటీన్లు అమైనో ఆమ్లాల గొలుసులు. ఇరవై రకాల అమైనో ఆమ్లాలలో సిస్టీన్ చివర థయోల్ సమూహం ఉంటుంది. రెండు సిస్టీన్లు దగ్గరగా చేరి, వాటి థయోల్ సమూహాలు రెండు ఎలక్ట్రాన్లను, రెండు ప్రోటాన్లను కోల్పోయినపుడు రెండు గంధక పరమాణువుల మధ్య డైసల్ఫైడ్ బంధం ఏర్పడుతుంది. ఇది ఆక్సీకరణ చర్య. ఎలక్ట్రాన్లు తిరిగి లభిస్తే బంధం తెగి మరల రెండు థయోల్‌లు మిగులుతాయి. ఇది క్షయకరణం.

నులక మంచానికి వేసిన ముడి వలె డైసల్ఫైడ్ బంధం ప్రోటీన్ గొలుసు మడతను బిగించి ఉంచుతుంది. కణం వెలుపల ఉష్ణోగ్రత, ఆమ్ల క్షార స్థితి నిలకడగా ఉండవు. ప్రోటీన్లను ఛేదించే ఎంజైములు కూడా అక్కడ పొంచి ఉంటాయి. అందువలన కణం బయటకు పంపే ప్రోటీన్లలో ఈ ముడులు అధికం. కణద్రవ్యంలో పనిచేసే ప్రోటీన్లలో ఇవి అరుదు. అక్కడ సిస్టీన్లు సాధారణంగా స్వేచ్ఛగా, థయోల్ రూపంలోనే ఉంటాయి.

ఈ తేడాకు మూలం కణంలోని అరల మధ్యనున్న రసాయన భేదం. గ్లుటాథయోన్ అనే చిన్న అణువు కణంలో థయోల్ స్థితిని సూచించే కొలబద్ద వంటిది. జంతు కణాలపై 1992లో ప్రచురితమైన కొలతల ప్రకారం కణద్రవ్యంలో ఒక వంతు ఆక్సీకృత గ్లుటాథయోన్‌కు 30 నుండి 100 వంతుల క్షయకృత గ్లుటాథయోన్ ఉంటుంది. ప్రోటీన్లను బయటకు పంపే మార్గమైన అంతర్జీవ ద్రవ్యజాలంలో ఇదే నిష్పత్తి ఒకటికి ఒకటి నుండి మూడు మాత్రమే. అనగా కణద్రవ్యంలో ముడి నిలువదు. అంతర్జీవ ద్రవ్యజాలంలో ముడి పడుతుంది.

ఆన్‌ఫిన్‌సెన్ మిగిల్చిన ప్రశ్న

అమెరికా శాస్త్రవేత్త క్రిస్టియన్ ఆన్‌ఫిన్‌సెన్ రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమును తీసుకొని దాని మడతను పూర్తిగా విప్పి, మరల దానంతట అదే సరిగా మడత పడగలదని నిరూపించాడు. ఈ పరిశోధనకు ఆయనకు 1972లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. రైబోన్యూక్లియేజ్‌లో 8 సిస్టీన్లు ఉన్నాయి. వాటిని జతలు జతలుగా 105 విధాలుగా కలుపవచ్చు. అందులో ఒకే ఒక అమరిక సరియైనది. గొలుసు ఆ ఒక్క అమరికను తానే చేరుకోగలగడం ఆశ్చర్యకరమైన విషయమే.

అయితే గాలిలోని ఆక్సిజన్‌పై ఆధారపడి పరీక్షనాళికలో ఈ పని పూర్తి కావడానికి గంటలు పట్టింది. జీవకణంలో అది నిమిషాలలో పూర్తవుతుంది. కావున కణంలో ఏదో సహాయక ఎంజైము ఉండి తీరాలని భావించారు. 1963లో ఆన్‌ఫిన్‌సెన్ బృందం, హంగేరీలో వెనెటియానర్, స్ట్రాబ్ వేర్వేరుగా అటువంటి ఎంజైమును కనుగొన్నారు. అదే ప్రోటీన్ డైసల్ఫైడ్ ఐసోమరేజ్. ఇది తన డైసల్ఫైడ్ బంధాన్ని కొత్త గొలుసుకు అందిస్తుంది. తప్పుగా పడిన ముడిని విప్పి సరిచేస్తుంది. ముడిని దానం చేసిన ఐసోమరేజ్ తాను థయోల్ రూపానికి మారిపోతుంది. దానిని మరల ఆక్సీకరించి తరువాతి గొలుసుకు సిద్ధం చేసేది ఏది? ఈ ప్రశ్నకు మరో 35 సంవత్సరాలు సమాధానం దొరకలేదు. ఆ పని గ్లుటాథయోన్‌దే అని చాలామంది విశ్వసించారు.

ఈస్ట్ ఇచ్చిన సమాధానం

1998లో రెండు బృందాలు ఈస్ట్ జన్యుశాస్త్రం సహాయంతో ఈ ప్రశ్నను ఛేదించాయి. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆలిసన్ ఫ్రాండ్, క్రిస్ కైజర్. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైఖేల్ పొలార్డ్, కెవిన్ ట్రావర్స్, జొనాథన్ వైస్‌మన్ ఒకే జన్యువును చేరుకొన్నారు. దానికి ఈఆర్ఓ1 అని పేరు.

వారి తర్కం విద్యార్థులు గమనింపదగినది. ఈ జన్యువు దెబ్బతిన్న ఈస్ట్ ఉత్పరివర్తకం తక్కువ ఉష్ణోగ్రతలో పెరుగుతుంది. 37 డిగ్రీల సెల్సియస్ వద్ద పెరుగదు. ఆ ఉష్ణోగ్రత వద్ద కార్బాక్సీపెప్టిడేజ్ వై అనే ఎంజైము, తనలో ఏర్పడవలసిన డైసల్ఫైడ్ బంధాలు లేక, అంతర్జీవ ద్రవ్యజాలంలోనే నిలిచిపోయింది. డైసల్ఫైడ్ బంధాలను తెంచే డైథయోథ్రైటాల్‌ను ఈ ఉత్పరివర్తకం ఏమాత్రం తట్టుకోలేకపోయింది. జన్యువును అధికంగా పనిచేయిస్తే మాత్రం ఈస్ట్ డైథయోథ్రైటాల్‌ను ఎక్కువగా తట్టుకొన్నది. థయోల్‌లను ఆక్సీకరించే డయమైడ్ అనే రసాయనాన్ని బయటి నుండి అందిస్తే ఉత్పరివర్తకం తిరిగి పెరిగింది. కణంలో కొరవడినది ఆక్సీకరణ శక్తియేనని, దానిని అందించేది ఈఆర్ఓ1 ప్రోటీన్ అని దీనితో తేలింది. గ్లుటాథయోన్ ఈ పనికి అవసరం లేదని, అది ఆక్సీకరణ శక్తిలో కొంత తానే వినియోగించుకొనే పోటీదారని అదే కాలంలో జరిగిన మరొక ఈస్ట్ పరిశోధన చూపింది.

తరువాతి సంవత్సరాలలో ఎలక్ట్రాన్లు నడిచే దారి అంచెలంచెలుగా వెల్లడైంది. కొత్త గొలుసులోని థయోల్‌ల నుండి ఎలక్ట్రాన్లు ముందుగా ఐసోమరేజ్‌కు చేరుతాయి. అక్కడి నుండి ఈఆర్ఓ1 ప్రోటీన్‌లో 100, 105 స్థానాలలోని సిస్టీన్ జతకు, దాని నుండి లోపల 352, 355 స్థానాలలోని సిస్టీన్ జతకు అందుతాయి. ఆ లోపలి జతను ఆనుకొని రైబోఫ్లేవిన్ నుండి తయారయ్యే ఎఫ్ఏడీ అనే సహకారకం ఉంటుంది. ఎఫ్ఏడీ ఎలక్ట్రాన్లను స్వీకరించి ఆక్సిజన్‌కు అందజేస్తుంది. బావిలోని నీరు చేదతో పైకి వచ్చి, కాలువలో పడి, మడికి చేరినట్లు ఒక్కొక్క అంచె తరువాతి అంచెకు అప్పగిస్తుంది.

ఈ పనికి కణం మూల్యం చెల్లించక తప్పదు. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను స్వీకరించినపుడు ఒక్కొక్క డైసల్ఫైడ్ బంధానికి ఒక్కొక్క హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువు వెలువడుతుంది. అది మితిమీరితే కణానికే హాని. కావున ఈఆర్ఓ1 తనను తాను నియంత్రించుకొనే ఏర్పాటు కలిగి ఉన్నదని 2007లో వెల్లడైంది. ఎంజైములోనే నియంత్రణకు కొన్ని డైసల్ఫైడ్ బంధాలు ఉన్నాయి. మడత పడవలసిన గొలుసులు ఎక్కువగా ఉన్నపుడు ఆ బంధాలు విడిపోయి ఎంజైము చురుకుగా పనిచేస్తుంది. పని తగ్గినపుడు అవి మరల ఏర్పడి ఎంజైమును మందగింపజేస్తాయి.

ఈస్ట్‌లో ఈ పని చేయగల రెండవ ఎంజైము ఈఆర్‌వీ2. దీని పాత్ర 2001లో స్పష్టమైంది. ఇదీ ఎఫ్ఏడీ సహాయంతోనే ఆక్సిజన్‌ను వినియోగిస్తుంది. ఈఆర్ఓ1 లోపించిన ఈస్ట్‌లో ఈఆర్‌వీ2ను అధికంగా పనిచేయిస్తే కణం బ్రతుకుతుంది. దీనికి దగ్గరి బంధువైన ఈఆర్‌వీ1 మైటోకాండ్రియాలో ఇటువంటి పనినే నిర్వహిస్తుంది.

ఈస్ట్‌లో కనుగొన్న ఈ యంత్రాంగం ఈస్ట్‌కే పరిమితం కాదు. 2009లో జపాన్ శాస్త్రవేత్తలు వరి గింజలోని అంకురచ్ఛదంలో గ్లుటెలిన్ నిల్వ ప్రోటీన్‌కు డైసల్ఫైడ్ బంధాలు ఏర్పడుటకు వరి ఈఆర్ఓ1 అవసరమని చూపారు. మన రాష్ట్రాలకు సన్నిహితమైన ఉదాహరణ మరొకటి ఉంది. హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్ బి టీకా దేశీయంగా రూపొందిన తొలి పునఃసంయోజక టీకా. దాని ప్రతిజనకాన్ని పిచియా పాస్టోరిస్ అనే ఈస్ట్‌లోనే తయారు చేశారు. ఆ ప్రతిజనకంలో సిస్టీన్లు అధికం. ప్రతిరక్షకాలు గుర్తించే దాని ఆకృతి డైసల్ఫైడ్ బంధాలపై ఆధారపడినది.

మిరప కాయపై ఇరుపక్షాల ఆయుధాలు

కాయకుళ్లు కలిగించే కొల్లెటోట్రైకమ్, రొట్టె ఈస్ట్ ఒకే శిలీంద్ర విభాగమైన ఆస్కోమైకోటాకు చెందినవి. శిలీంద్రపు సిద్ధబీజం కాయపై పడి, తేమ తగిలి మొలకెత్తి, అప్రెసోరియం అనే అంటుకొనే కణాన్ని ఏర్పరచుకొని, అవభాసిని అనే మైనపు పొరను ఛేదించుకొని లోనికి చొచ్చుకొనిపోతుంది. ఈ దండయాత్రలో అది మైనపు పొరను, కణకవచాలలోని పెక్టిన్‌ను కరిగించే ఎంజైములను, మొక్క రక్షణను దెబ్బతీసే చిన్న చిన్న ప్రోటీన్లను బయటకు వదులుతుంది. ఈ చిన్న ప్రోటీన్లలో పెక్కింటిలో సిస్టీన్లు అధికంగా ఉంటాయి. ఫ్యుసేరియం శిలీంద్రపు క్యూటినేజ్ ఎంజైము నిర్మాణాన్ని పరిశీలించినపుడు అందులో రెండు డైసల్ఫైడ్ బంధాలు కనిపించాయి. కణం వెలుపలకు పంపే ఇటువంటి ఆయుధాలకు ముడులు పడేది శిలీంద్రపు అంతర్జీవ ద్రవ్యజాలంలోనే.

మిరప మొక్క కూడా అదే కర్మాగారంలో తన ఆయుధాన్ని తయారు చేసుకొంటుంది. డిఫెన్సిన్లు అనే చిన్న రక్షక ప్రోటీన్లలో దాదాపు 50 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో సాధారణంగా 8 సిస్టీన్లు నాలుగు డైసల్ఫైడ్ బంధాలుగా ముడిపడి ఉంటాయి. అంత చిన్న గొలుసుకు నాలుగు ముడులు ఉన్నందువలననే అది కణం వెలుపల చెక్కుచెదరక నిలుస్తుంది. మిరప కుటుంబపు పండ్లలో పండు బారే దశలో ఏర్పడే జె1 వర్గపు డిఫెన్సిన్ 1990 దశకంలోనే గుర్తింపు పొందింది. 2014లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు జె1-1 డిఫెన్సిన్ జన్యువు అధికంగా పనిచేసే మిరప మొక్కలను రూపొందించి, వాటి కాయలు కాయకుళ్లు శిలీంద్రాన్ని మెరుగ్గా తట్టుకొన్నట్లు ప్రకటించారు.

ఇటువంటి జన్యువులపై పనిచేయదలచిన విద్యార్థులు ఒక విషయాన్ని మరువరాదు. ప్రోటీన్‌ను అంతర్జీవ ద్రవ్యజాలంలోనికి పంపే సంకేత భాగం జన్యువులో లేకపోతే గొలుసు తయారైనా ముడులు సరిగా పడవు. సాధారణ బాక్టీరియా కణద్రవ్యంలో డిఫెన్సిన్‌ను తయారు చేయబోయినపుడు ఎదురయ్యే ఇబ్బందికి కారణం ఇదే. అటువంటి పనికి పిచియా ఈస్ట్‌ను ఎంచుకొనేది కూడా ఇందువలననే.

థయోల్‌పై గురిపెట్టిన మందులు

శిలీంద్రం బయటకు పంపే ప్రోటీన్లు ముడిపడి ఉంటే, దాని కణద్రవ్యంలోని ఎంజైములు థయోల్‌లను తెరచి ఉంచుకొంటాయి. అనేక ఎంజైములలో ఆ థయోలే పనిచేసే స్థానం. గ్లూకోజ్ నుండి శక్తిని రాబట్టే మార్గంలోని గ్లిసరాల్డిహైడ్-3-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ ఇందుకు ఉదాహరణ. మాంకోజెబ్ తేమ తగిలి విచ్ఛిన్నమైనపుడు వెలువడే ఐసోథయోసయనేట్ సమ్మేళనాలు ఈ థయోల్‌లతో కలిసిపోతాయి. కాప్టాన్ నేరుగా థయోల్‌లతో చర్య జరుపుతుంది. రాగి అయానులు కూడా థయోల్‌లను పట్టుకొంటాయి. మొలకెత్తుతున్న సిద్ధబీజంలో ఒక్క ఎంజైము కాక, పదుల కొలది ఎంజైములు ఒకేసారి నిలిచిపోతాయి.

ఇక్కడే నిరోధకత ప్రశ్నకు సమాధానం ఉంది. ఒకే ఎంజైముపై పనిచేసే మందును ఓడించుటకు శిలీంద్రానికి ఒక్క ఉత్పరివర్తనం చాలు. అజోక్సీస్ట్రోబిన్ వర్గపు మందుల విషయంలో సైటోక్రోమ్ బి ప్రోటీన్‌లో 143వ స్థానంలోని గ్లైసిన్ అలనిన్‌గా మారితే మందు పట్టు తప్పుతుంది. అజోక్సీస్ట్రోబిన్ 1996లో మార్కెట్‌లోకి వచ్చింది. ఉత్తర జర్మనీలో గోధుమ బూడిద తెగులు శిలీంద్రంలో ఈ వర్గానికి నిరోధకత 1998లోనే కనిపించింది. కొల్లెటోట్రైకమ్ జాతులలో కూడా ఇదే మార్పు పలు దేశాలలో నమోదైంది. మాంకోజెబ్ 1960 దశకం ఆరంభం నుండి వాడుకలో ఉన్నప్పటికీ నేటికీ పనిచేస్తూనే ఉంది. పదుల ఎంజైములలోని థయోల్‌లను ఒకేసారి మార్చుకోవడం శిలీంద్రానికి సాధ్యం కాదు. అందువలననే అంతర్జాతీయ వర్గీకరణలో రాగి మందులు, మాంకోజెబ్, కాప్టాన్ 'ఎం' అక్షరంతో మొదలయ్యే బహుళస్థాన వర్గంలో ఉన్నాయి.

థయోల్‌పై పనిచేసే గుణమే ఈ మందుల పరిమితిని కూడా నిర్ణయిస్తుంది. మొక్క కణాలలోనూ థయోల్‌లు ఉన్నాయి. మందు మొక్క లోపలికి వ్యాపించక ఉపరితలంపైనే ఉండుట వలన పంట క్షేమంగా ఉంటుంది. కానీ అదే కారణం వలన, కాయలోనికి ఒకసారి చొచ్చుకొనిపోయిన శిలీంద్రం ఈ మందులకు అందదు. పైగా సిద్ధబీజంలోని గ్లుటాథయోన్ కొంత మందును తానే పట్టి నిర్వీర్యం చేస్తుంది. కావున సిఫారసుకు తగ్గిన మోతాదు ఎంజైముల వరకు చేరకముందే ఖర్చయిపోవచ్చు. కొల్లెటోట్రైకమ్ పచ్చికాయలో చేరి బయటకు కనిపించక నిద్రాణంగా ఉండి, కాయ పండినపుడు విజృంభించగలదు. మచ్చలు చూచిన పిదప మాంకోజెబ్ చల్లి "మందు పనిచేయలేదు" అని రైతు భావించుటలో తప్పు మందుది కాదు, సమయానిది.

ప్రత్తి చెప్పే పాఠం

ఈ ప్రాంతపు ప్రత్తి చరిత్ర ఇదే పాఠాన్ని మరొక విధంగా చెబుతుంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో శనగపచ్చ పురుగు, తెల్లదోమ ఉధృతి వలన, ఎన్నిసార్లు పిచికారి చేసినా పురుగు లొంగక, ప్రత్తి దెబ్బతిని, అప్పులపాలైన రైతులు ఆత్మహత్యలకు పాల్పడిన విషాదం తెలిసినదే. 2002లో బీటీ ప్రత్తికి అనుమతి లభించింది.

బాసిల్లస్ తురింజియెన్సిస్ బాక్టీరియాలో క్రై1 వర్గపు ప్రోటీన్లు స్ఫటికాలుగా ఏర్పడతాయి. ఆ గొలుసు చివరి భాగంలో అధికంగా ఉన్న సిస్టీన్లు డైసల్ఫైడ్ బంధాలతో స్ఫటికాన్ని బిగించి ఉంచుతాయి. పురుగు మధ్యాంత్రంలోని తీవ్రమైన క్షార, క్షయకరణ వాతావరణంలో ఆ ముడులు విడిపోయి, స్ఫటికం కరిగి, విషభాగం వెలువడుతుంది. బీటీ ప్రత్తిలో స్ఫటికంతో పని లేదు. క్రై1ఏసీ కణద్రవ్యంలోను, క్రై2ఏబీ హరితరేణువులలోను ఉంటాయి.

గులాబీ రంగు పురుగు నిరోధకతను సాధించినది గంధకపు ముడుల వద్ద కాదు. మన దేశపు క్రై1ఏసీ నిరోధక పురుగులలో, విషం అతుక్కొనే క్యాడ్‌హెరిన్ అనే గ్రాహకపు జన్యువులో మార్పులు కనిపించాయి. గుజరాత్‌లో క్రై1ఏసీ నిరోధకత 2010లోనే వెల్లడైంది. లక్ష్యం ఒక్కటైనపుడు శత్రువుకు తప్పించుకొనే దారి సులువవుతుందనేది శిలీంద్రానికీ, పురుగుకూ సమానంగా వర్తించే సూత్రం.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలు

మొదటిది, బహుళస్థాన మందులు నివారణకు మాత్రమే. కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ లేదా కాప్టాన్‌తో విత్తనశుద్ధి చేయించుట, కాయలు పచ్చిగా ఉండగానే, తేమ వాతావరణం ఏర్పడక ముందే పిచికారి చేయించుట వీటి సక్రమ వినియోగం. పూర్తి మోతాదు, కాయ అన్ని వైపులా తడిసేలా పిచికారి, వర్షానికి కొట్టుకొనిపోతే తిరిగి చేయుట అవసరం.

రెండవది, అజోక్సీస్ట్రోబిన్, డైఫెన్‌కొనజోల్, ప్రొపికొనజోల్ వంటి ఏకస్థాన మందులు మొక్క లోపలికి చేరి పనిచేస్తాయి గనుక వాటి అవసరం కాదనలేనిది. అయితే ఒకే వర్గాన్ని వెంటవెంటనే వాడరాదు. వ్యాపార నామాలు వేరైనా వర్గం ఒకటే కావచ్చు. డబ్బాపై పేరు కాక, రసాయనం పేరు, దాని వర్గం చూచి మార్చడం రైతుకు నేర్పాలి.

మూడవది, బహుళస్థాన మందులు ఎల్లకాలం అందుబాటులో ఉంటాయని భావించరాదు. మాంకోజెబ్ విచ్ఛిన్నమైనపుడు వచ్చే ఇథిలీన్ థయోయూరియా థైరాయిడ్ గ్రంథికి హానికరమైనది. యూరోపియన్ యూనియన్ 2020 డిసెంబరులో మాంకోజెబ్ అనుమతిని పొడిగించక ఉపసంహరించింది. 2020 మేలో మన కేంద్ర ప్రభుత్వం వెలువరించిన 27 మందుల నిషేధ ముసాయిదాలో మాంకోజెబ్, కాప్టాన్ పేర్లు ఉన్నాయి. ఎగుమతి చేసే మిరపలో అవశేషాలు కూడా విస్మరింపరానివి. కోతకు ముందు పాటించవలసిన విరామం విషయంలో రాజీ పడకూడదు.

నిరోధకతకు లొంగని మందులు అవశేషాల వలన దూరమై, మిగిలిన ఏకస్థాన మందులు నిరోధకత వలన బలహీనపడితే మిరప రైతు చేతిలో ఏమి మిగులుతుంది? ఈ ప్రశ్నను ముందుగానే ఎదుర్కొనవలసి ఉంది. తెగులు సోకిన కాయలను, ఎండు కొమ్మలను చేను నుండి తొలగించుట, ఆరోగ్యవంతమైన కాయల నుండే విత్తనం సేకరించుట, పంట మార్పిడి పాటించుట మందుల భారాన్ని తగ్గిస్తాయి. పరిశోధన వైపున, కాయలోనే సహజంగా ఉన్న డిఫెన్సిన్ వంటి రక్షణను ప్రజనన కార్యక్రమాలలో ఉపయోగించుకొనే అవకాశాన్ని అన్వేషించాలి. అటువంటి రక్షణ ఎంత బలంగా ఉంటుందనేది చివరకు అందులోని గంధకపు ముడులు ఎంత సక్రమంగా పడుతాయనే దానిపైన ఆధారపడుతుంది. ఆ ముడులు పడే తీరును పరీక్షించుటకు ఈస్ట్ కణం ఇప్పటికీ మన విద్యార్థులకు అందుబాటులో ఉన్న చవకైన, నమ్మకమైన సాధనం.